మా ఇంటికి సర్వే వచ్చిన శుభవేళ

దేవుడు ప్రత్యక్షమై ఏం వరం కావాలో కోరుకోమంటే మీరేం కోరుకుంటారు? ఆరోగ్యమా? ఐశ్వర్యమా? ఎంత అమాయకులండీ మీరు! నేనైతే రెండు చేతులూ జోడించి, "స్వామీ, ఇంటింటికీ ఒక సైట్ సర్వే ప్రసాదించు" అని అడుగుతాను.

నవ్వకండి. నేను చాలా గంభీరంగా రాస్తున్నాను. ఈ మధ్య ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు ఎవరు కలిసినా ఒకటే సణుగుడు. డబ్బు పోసి కొన్నాం కదా, ఛార్జర్ తెచ్చి గోడకు బిగించి పోవచ్చు కదా, మధ్యలో ఈ సర్వే ఏమిటి, ఎవడో వచ్చి ఇల్లంతా కలియజూడటమేమిటి అని. అయ్యా సణుగుడు మహాశయులారా, చేతికందిన అదృష్టాన్ని కాలదన్నుకోవడం అంటే ఇదే!

అసలు సర్వే అంటే ఏమిటి? ఛార్జర్ కంపెనీవాళ్లు ఒక మనిషిని పంపి, మీ ఇంటికి దాన్ని భరించే తాహతు ఉందో లేదో చూస్తారు. కరెంటు ఎంత వస్తోంది, వైర్లు ఏ కాలానివి, కారు ఎక్కడ నిలుస్తుంది, గోడ గట్టిదా, డొల్లదా అని ఒక్కొక్కటీ అడిగి, కొలిచి, తట్టి చూస్తారు. మీ మీద ఇంత శ్రద్ధ ఇంకెవరు చూపించారు చెప్పండి? ఇల్లు కట్టిన మేస్త్రి చూపించాడా? డాక్టరు కూడా నాలుక చాపమని, చూసి, చాల్లే మూసుకోమంటాడు.

నన్నడిగితే ఈ సర్వేను కార్లకే పరిమితం చేయడం అన్యాయం. మా పాత ఆఫీసులో మేనేజరును ఆ కుర్చీలో కూర్చోబెట్టే ముందు గట్టివాడా, డొల్లవాడా అని ఎవరైనా ఒక్కసారి తట్టి చూసి ఉంటే ఎంతమంది బాగుపడేవాళ్లు! నాకు వ్యాయామం సైకిలు అమ్మినవాడు ముందుగా నన్ను సర్వే చేసి ఉంటే ఆ సైకిలు ఇవాళ ఏ పుణ్యాత్ముడి ఇంట్లోనో తిరుగుతూ ఉండేది కాదా?

సరే, మా ఇంటి సంగతికి వస్తాను. అనుభవం లేకుండా నేను ఏదీ రాయను.

కారు మా ఆవిడది. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆసుపత్రివాళ్లు ఊరికి ఆ చివర కొత్త భవనం కట్టి ఆమెను అక్కడికి మార్చారు. మేముండేది ఈ చివర. బస్సుల్లో వేలాడలేక తన జీతంతో కారు కొనుక్కుంది. ఇంట్లో ఛార్జర్ లేదు గనక డ్యూటీ దిగాక దారిలో ఉన్న ఛార్జింగ్ స్టేషన్ ముందు క్యూలో ఆగి, వంతు వచ్చాక కారు నిండేదాకా కూర్చుని, ఆ తర్వాత ఇంటికొచ్చి వంట మొదలుపెట్టేది. ఆ రోజుల్లో నేనూ, మా నాన్నా ఆకలితో ఎంత బాధపడ్డామో మాటల్లో చెప్పలేను.

ఒకరోజు ఆమె చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఇంట్లో ఛార్జర్ కుదిరితే సరే. సర్వేలో కుదరదని తేలితే ఆసుపత్రి పక్కన మా నర్సులుండే ఇంట్లో ఓ గది ఖాళీగా ఉంది. అడిగి పెట్టుకున్నాను. పనిరోజులన్నీ అక్కడుండి సెలవులకు వస్తాను. ఈ తిరుగుడు ఇక నావల్ల కాదు."

కోపంగా అన్నా బాగుండేది. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా అంది.

నాకు పర్యావరణం మీద అపారమైన ప్రేమ పుట్టింది ఆ క్షణంలోనే. భూమి వేడెక్కిపోతోంది, మంచు కరిగిపోతోంది, మన ఇంట్లో ఛార్జర్ లేకపోతే ఎలా అని ఆ పూటే కంపెనీకి ఫోన్ చేశాను. నేను ఇంట్లో కూర్చుని రాసుకునే మనిషిని. ఆమె వారమంతా ఆ చివరన ఉండిపోతే ఈ ఇంట్లో ఎవరు ఏం చేస్తారు? నాకు టీ పొడి డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు. ఇది నేను గర్వంగా చెప్పడం లేదు, సమాచారం కోసం చెబుతున్నాను.

సర్వే గొప్పతనమేమిటంటే, అది రాకముందే మిమ్మల్ని బాగుచేయడం మొదలుపెడుతుంది. కంపెనీవాళ్లు ముందుగా మెయిన్ బోర్డు ఫొటో, కారు నిలిపే చోటు ఫొటో పంపమన్నారు. నేను ఏ పనీ అరకొరగా చేసేవాణ్ణి కాను. కొత్త చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, బోర్డు ముందు నిలబడి నాన్నచేత ఫొటో తీయించుకుని పంపాను. కారు నిలిపే చోట కూడా అంతే, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని. "సార్, బోర్డు కనబడటం లేదు, కొంచెం పక్కకు జరగగలరా" అని జవాబొచ్చింది. పక్కకు జరిగి ఇంకోటి తీయించుకున్నాను. "సార్, ఫొటోలో మీరు లేకపోయినా పరవాలేదు" అని మళ్లీ వచ్చింది. ఎంత మర్యాద చూడండి! మా చుట్టాలు ఈ మాటే ఇంతకన్నా మొరటుగా అంటారు.

నేను ఫొటోలోంచి తప్పుకున్నాక కూడా బోర్డు కనబడలేదు. అది మెట్ల కింద అరలో, సామాన్ల వెనక ఉంది. "సర్వే నాటికి బోర్డు ముందు అడ్డం లేకుండా చూడగలరు" అన్నారు. సెలవు రోజు చూసుకుని మా ఆవిడ ఆ అర మొత్తం ఖాళీ చేసింది. నేను పర్యవేక్షించాను. విరిగిన గొడుగులు, కాలు లేని స్టూలు, నాన్న పారేయనివ్వని పాత పేపర్లు, కవరైనా విప్పని నా వ్యాయామం సైకిలు, అన్నీ బయటపడ్డాయి. ఎప్పుడో పోయాయనుకున్న నా కళ్లజోడు కూడా దొరికింది. పెట్టుకుని చూస్తే ఇల్లు చాలా మురికిగా ఉందని తెలిసింది. ఆ సంగతి మా ఆవిడకు చెప్పాను. ఆమె చీపురు నావైపు చాపింది. నేను కళ్లజోడు తీసేశాను.

సర్వే రోజు రానే వచ్చింది. సర్వే ఆయన మాత్రం చెప్పిన వేళకు రాలేదు. వచ్చాక, ఇంతకు ముందు వెళ్లిన ఇల్లు ఎంత అధ్వానమో, అక్కడి కుక్క ఎలాంటిదో గేటు దగ్గరే చెప్పి, చేతిలో ట్యాబ్, మెడలో కార్డు, నడుముకు కొలిచే టేపుతో లోపలికి వచ్చాడు. ఇక అక్కడి నుంచి ఏది చూసినా ఒకటే మాట. "ఊఁ."

ఈ "ఊఁ" గురించి మిమ్మల్ని ముందే హెచ్చరించడం నా ధర్మం. పొట్టి "ఊఁ" అంటే చూశాను అని. పొడుగు "ఊఁ" అంటే ఇలాంటిది నేనెక్కడా చూడలేదు అని. చివర గొంతు పైకి లేచిందంటే, ఎవడండీ ఇది చేసింది అని. మా గేటుకు పొట్టిది వచ్చింది. సీలింగ్‌లో నీటి మరకకు పొడుగుది వచ్చింది. నేను స్వయంగా బిగించిన కాలింగ్ బెల్లుకు మూడో రకం వచ్చింది. పెద్ద పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డవాడిలా నేను ఆయన వెనకే తిరిగాను.

"కారు ముందుకు పోనిచ్చి ఆపుతారా సార్, వెనక్కి తిప్పి ఆపుతారా?" అని అడిగాడు.

"ముందుకే," అన్నాను నేను.

"వెనక్కండీ," అంది మా ఆవిడ.

"నడిపేది ఎవరు?"

నడిపేది ఆమే. నాకు డ్రైవింగ్ రాదు. కానీ కారు ఎలా నిలపాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. వాటిని ఆయన ట్యాబ్‌లో ఎక్కించుకోలేదు.

ప్లగ్గు పెట్టే చోటు కారుకు వెనక ఎడమ పక్కన ఉందట. అంటే కారు వెనక్కి వస్తే ఛార్జర్ ఎక్కడ ఉండాలి? సరిగ్గా వరండాలో మా నాన్న పడక్కుర్చీ వెనక గోడ మీద. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఇల్లు కట్టించింది ఆయనే. పొద్దున కుర్చీలో కూర్చుంటే ఆకలేసినప్పుడు తప్ప లేవరు.

"పెద్దాయనా, ఈ కుర్చీ కాస్త జరపాలండి."

"జరగదు బాబూ. నేను ముందు కుర్చీ వేశాను. ఆ తర్వాతే దాని వెనక గోడ కట్టించాను."

"కొంచెమే సార్."

"ఆ కారునే కొంచెం అటు జరపండి. దానికి చక్రాలున్నాయిగా."

లెక్కల మాస్టారితో వాదించి ఎవరు గెలిచారు? సర్వే ఆయన పొడుగు "ఊఁ" ఒకటి తీసి నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. గది తాళంచెవి మా ఆవిడ చేతిలో ఊగుతున్నట్టు నాకు కనబడసాగింది.

మా ఆవిడే వచ్చింది. "మామయ్యా, కిటికీ పక్కకు వేసుకుంటే మీకు వీధంతా కనబడుతుంది."

"ఎదురింటి గేటు కూడానా?"

"గేటూ, ఎవరొచ్చారో, ఎప్పుడు పోయారో కూడా కనబడుతుంది."

నాన్న లేచారు. కుర్చీ ఆమే జరిపింది. మనుషుల మధ్య ఇంతటి సామరస్యం తేవడం ఇంకే పథకానికి సాధ్యం చెప్పండి? ప్రపంచంలో కొట్టుకు చస్తున్న దేశాలన్నింటి మధ్యా ఒక్కో ఛార్జర్ పెడతామని సర్వేలు పంపితే సరిపోతుంది.

తర్వాత వైఫై. కొత్త ఛార్జర్లు స్మార్టు ఛార్జర్లు కదా, వాటికి ఇంటర్నెట్ కావాలట. ట్యాబ్ పట్టుకుని ఆయన ఇల్లంతా తిరిగాడు. ముందుగదిలో సిగ్నల్ లేదు. వంటగదిలో సగం. నిండుగా వచ్చింది ఒక్క బాత్‌రూమ్‌లోనే. అక్కడ నానబెట్టిన బట్టల బకెట్టు పక్కన నిలబడి, "కారును ఇక్కడిదాకా తీసుకురాలేం," అన్నాడు సీరియస్‌గా. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు పెద్దలు. మా గుట్టంతా ఫొటోలు తీసుకుని ట్యాబ్‌లో దాచుకున్నాడాయన. బకెట్టుతో సహా.

ఇప్పుడు అసలు ముచ్చట వినండి. సర్వేతో ఊరికే న్యాయం కూడా దొరుకుతుంది!

బోర్డు నుంచి కారుదాకా వైరు ఎటు నుంచి తేవాలో చూడటానికి ఆయన ప్రహరీగోడ పొడుగునా టేపు పరిచి, సుద్దముక్కతో గీతలు పెట్టాడు. అదే సమయానికి ఎవరో ఫోన్ చేస్తే, "ఇక్కడ సర్వే నడుస్తోంది, గోడ కొలుస్తున్నా, తర్వాత చెయ్యి," అని గట్టిగా అన్నాడు. గోడకు చెవులుంటాయి కదా. మా గోడకైతే అవతల పక్కింటి బాబాయి ఉంటాడు.

పాఠకులారా, మన భాషలో సర్వే అంటే ఏమిటి? హద్దులు తేల్చడం. రాళ్లు పాతడం. ఎవడి గోడ ఎవడి స్థలంలోకి ఎంత నడిచి వచ్చిందో బయటపెట్టడం. కారుక్కూడా సర్వే ఉంటుందని ఏ పెద్దమనిషి అనుకుంటాడు? బాబాయి లుంగీ ఎగగట్టుకుని, తన సొంత టేపు చేతబట్టుకుని ఆదరాబాదరా వచ్చాడు.

"ఏమయ్యా, సర్వే పెట్టించేముందు పక్కవాడికి ఓ మాట చెప్పక్కర్లేదా?"

"మా ఇంట్లో సర్వేకు మీకెందుకు బాబాయ్ చెప్పడం?"

"గోడ ఇద్దరిదీ కదయ్యా."

"నేను కారు కోసం వచ్చానండి," అన్నాడు సర్వే ఆయన.

"తెలుసులే బాబూ. స్థలం కోసం వచ్చామని ఎవరు మాత్రం చెబుతారు? ఆ గోడ పునాది నేను మా వైపే వేశాను. పైకొచ్చేసరికి మేస్త్రి వీళ్ల వైపు కాస్త ఒరిగించాడు. అది వాడి తప్పు, నాది కాదు."

మేం ఆయన్ని ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయనే తడుముకున్నాడు. సర్వే ఆయనకు ఇదేదీ పట్టలేదు, టేపు చూసుకుంటూ అలవాటుగా పొడుగు "ఊఁ" అన్నాడు. దాంతో బాబాయి మొహం పాలిపోయింది.

"జానెడు కూడా ఉండదు," అన్నాడు.

"ఊఁ?" అన్నాడు సర్వే ఆయన. ఈసారి మూడో రకం.

"సరే, జానెడే అనుకోండి. అంతకుమించి వేలెడు కూడా లేదు."

కిటికీ పక్క కుర్చీలోంచి నాన్న గొంతు వచ్చింది. "నేను అప్పుడే అన్నాను. వీడు వినలేదు." వీడు అంటే నేను. కోర్టుకు పోతే తరాలు పట్టేది, రెండు "ఊఁ"లతో తేలిపోయింది! బాబాయి మాత్రం వెళ్లలేదు. మళ్లీ ఏం కొలుస్తారోనని మా ముందుగదిలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా ఆవిడ అందరికీ టీ పెట్టింది.

చివరికి మెట్ల కింద బోర్డు దగ్గరికి చేరాం. ఇక్కడే తీర్పు. మా ఆవిడ టార్చి పట్టుకుంది. నేను, నాన్న, బాబాయి వెనక వరసగా నిలబడ్డాం. సర్వే ఆయన మూత విప్పేముందు ట్యాబ్ తీసి నన్నడిగాడు.

"గీజరు, వాషింగ్ మెషిను, మోటారు, మిక్సీ, ఇస్త్రీపెట్టె. ఇవన్నీ ఏ టైములో వాడతారు సార్?"

"వాడతాం," అన్నాను.

"ఎప్పుడు?"

నాకెలా తెలుస్తుంది? నేను రాసుకుంటూ ఉంటాను. పొద్దున వేడినీళ్లు ఉంటాయి, సాయంత్రం మడతపెట్టిన బట్టలు ఉంటాయి, మధ్యలో ఏం జరుగుతుందో నేనెప్పుడూ పరిశోధించలేదు.

మా ఆవిడ చెప్పింది. "పొద్దున లేవగానే గీజరు, మోటారు, మిక్సీ. సాయంత్రం వచ్చాక మెషిను, ఓవెను, ఇస్త్రీ. అన్నీ ఒకేసారి."

"అన్నీ ఒకేసారి ఎందుకు వాడతారు మేడమ్? కాస్త విడివిడిగా వాడుకోవచ్చుగా."

"నేను ఇంట్లో ఉండేది ఆ కాసేపేనండి."

ఆయన మూత విప్పి లోపలికి చూశాడు. చాలాసేపు "ఊఁ" రాలేదు. నా ఊపిరి కూడా రాలేదు. ఇంటికి కరెంటు మూడు తీగల మీద వస్తుందట, ఒక్కో తీగను ఫేజు అంటారట. ఆ పూట నేను నేర్చుకున్న విద్య అది.

"మూడు ఫేజులున్నాయి సార్ మీకు," అన్నాడు.

"మూడూ నేనే పెట్టించాను," అన్నారు నాన్న. "ఆ రోజుల్లో ఈ వీధిలో ఎవరింట్లోనూ లేవు."

"పెట్టించారు గానీ, ఇంటి లోడంతా ఒక్క ఫేజు మీదే వేశారు. మిగతా రెండూ ఊరికే ఉన్నాయి."

టార్చి వెలుగు బోర్డు మీద నుంచి జారి నేల మీద పడింది. "మళ్లీ చెప్పండి," అంది మా ఆవిడ.

"లోడంతా ఒక్కదాని మీదే ఉంది మేడమ్."

"మిగతా రెండూ ఏమీ చెయ్యవా?"

ఆయన వేలితో వైర్లు పట్టుకుని చూశాడు. "ఒకదాని మీద వరండాలో ఫ్యాను ఉంది. ఇంకోదాని మీద టీవీ."

నాన్న ఎందుకో నావైపు చూశారు. నేను బాబాయి వైపు చూశాను. కరెంటు సంగతి కదా, మాకేమీ అర్థం కాలేదు.

"ఇన్నాళ్లూ ఏమీ అవలేదే?" అన్నాను, ఇంటి పరువు నిలబెడదామని.

"అవదు సార్. వేడెక్కుతుంటుంది. మరీ భరించలేకపోతే ట్రిప్పవుతుంది. మీరు మళ్లీ స్విచ్చి పైకి నొక్కేస్తారు, మళ్లీ నడుస్తుంది."

"నేను నొక్కను. మా ఆవిడే నొక్కుతుంది," అన్నాను. నిజం చెప్పాలి కదా.

మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నవ్వి, సర్వే ఆయన్ని అడిగింది. "ఇప్పుడు దీని మీదే ఛార్జర్ కూడా వేస్తే?"

"తట్టుకోదు మేడమ్."

"అయితే కుదరదంటారు."

నర్సుల పక్కన గది, దానికో కిటికీ, కిటికీలో ఈమె కాళ్లు చాపుకుని కూర్చోవడం, ఇక్కడ నేను టీ పొడి డబ్బా కోసం అరలన్నీ వెతుక్కోవడం, అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. "అలా ఎలా కుదరదండీ, భూమి వేడెక్కిపోతోంది," అన్నాను.

"ఇలాగే ఉంచితే కుదరదు సార్. లోడు మూడింటికీ సమానంగా పంచితే భేషుగ్గా కుదురుతుంది. కానీ పంచాక కొన్నాళ్లు చూడాలి. చాలా ఇళ్లల్లో మొదట పంచుతారు. తర్వాత ఎవరో వచ్చి ఏదో మార్చి, మెల్లగా మళ్లీ ఒక్కదాని మీదకే తెచ్చిపెడతారు."

అప్పుడు ప్రహరీగోడ అవతల నుంచి పక్కింటి పిన్నిగారి గొంతు వినబడింది. "బాబూ, అక్కడయ్యాక మా ఇంటికీ ఓసారి రా. మా ఇంట్లో ఉన్నవి రెండే. అందులో ఒకటి పొద్దుటి నుంచీ అక్కడే టీ తాగుతూ కూర్చుంది."

బాబాయి కప్పు కిందపెట్టి, టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంతవరకూ చదివారు కదా, సర్వే ఎంత మహత్తరమైనదో ఒప్పుకుంటారా? ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లు విప్పి, గీజరు ఒకదాని మీదకు, మెషిను ఇంకోదాని మీదకు ఒక్క పూటలో పంచేశాడు. ఛార్జర్ గోడెక్కింది. కారు వెనక్కి తిరిగి బుద్ధిగా వచ్చి నిలబడుతోంది. మా ఆవిడ క్యూలో ఆగకుండా పొద్దుండగానే ఇంటికి వస్తోంది. అంతా శుభమే!

ఒక చిన్న విషయం తప్ప. పంచడం వైర్లతో ఆగలేదు.

ఎలక్ట్రీషియన్ వెళ్లగానే మా ఆవిడ ముందుగది మధ్యలో నిలబడి, "విన్నారుగా," అంది. అంతే అంది. మర్నాటి నుంచి బట్టలు నావి. అంటే ఉతకడం, ఆరేయడం, ఇస్త్రీ. గిన్నెలు కూడా నావే. కూరలు తరగడం నాన్నది. లెక్కల మాస్టారు గనక ప్రతి ముక్కనూ స్కేలు పెట్టినట్టు సమానంగా తరుగుతారు. కూరలు తరిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పొద్దుటి టీ నాది. పొడి డబ్బా స్టవ్వు పక్కనే ఉందండీ, ఇన్నేళ్లూ ఎవరూ నాకు చెప్పలేదు! వంట మాత్రం ఆమే చేస్తోంది, అదీ మేమిద్దరం నేర్చుకునేవరకేనట. నాన్న కుర్చీ కిటికీ పక్కనే ఉంది, గేటూ కనబడుతోంది, చూడటానికి ఆయనకే తీరిక లేదు. ఆమె వరండాలో ఫ్యాను కింద కూర్చుని పుస్తకం చదువుతుంటే ఆయన కత్తిపీట ముందు నుంచి ఆ ఫ్యాను వైపు చూస్తుంటారు. ఆయన బాధ నాకు తెలుస్తుంది.

నా ఫిర్యాదు ఏమిటో ఇక దాచడం దేనికి? ఆ మనిషిని మేం పిలిచింది కారు కోసం. గోడ చూసుకోవాలి, బోర్డు చూసుకోవాలి, పోవాలి. ఇంట్లో ఎవరి మీద ఎంత బరువుందో పదిమంది ముందు చదివి వినిపించమని ఎవరన్నారాయన్ని? నిక్షేపంలా నడుస్తున్న సంసారం! వేడెక్కితే ఎక్కింది, స్విచ్చి నొక్కే మనిషి ఉండనే ఉంది కదా!

కంపెనీకి ఫోన్ చేసి మళ్లీ సర్వే పెట్టించండి, మొదటిసారి ఏదో పొరపాటు జరిగింది అన్నాను. "తప్పకుండా సార్, ఈసారి ఇంకా వివరంగా చూస్తారు," అన్నారు. వద్దని పెట్టేశాను.

నిన్న సాయంత్రం దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. మా ఆవిడ కారుకు ప్లగ్గు పెట్టి లోపలికి వస్తోంది. మనసులో ఎన్నాళ్లుగానో నలుగుతున్న మాట, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"ఆ నర్సుల ఇంట్లో గది వద్దని చెప్పేశావుగా?"

"ఇంకా లేదండీ."

"అదేమిటి, ఛార్జర్ వచ్చిందిగా?"

ఆమె తాడు మీద నేను వంకరగా వేసిన దుప్పటిని చూసింది. సరిచేయడానికి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పంచాక కొన్నాళ్లు చూడాలన్నాడుగా ఆయన," అంది. "చూస్తున్నాను."